పోయినవాళ్ళ ఇల్లు

మా మామ్మ వానాకాలం మధ్యలో పోయింది. అప్పటికి మేము కొండ దిగి కాలనీ ఇంట్లోకి వచ్చి రెండేళ్ళయింది. చివరి నెలల్లో ఆమె మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేది. సిమెంటు గోడ, దానికి నీలం డిస్టెంపరు. ఒకరోజు ఆ గోడను అరచేత్తో తడిమి, "దీని మీద పిండి నిలవదు. నన్నెక్కడ పెడతారర్రా?" అని అడిగింది. మేము నవ్వేశాం. "నీకేం మామ్మా, ఇంకా చాలాకాలం ఉంటావు" అన్నాం. ఆమె ఇంటి గురించి అడుగుతోందని అప్పుడు మాకు అందలేదు.

కొండమీది పాత ఇంట్లో వెనకగోడ మీద మా తాతకు ఇల్లు ఉండేది. ఎర్రమట్టి పూసిన గోడ, దాని మీద బియ్యప్పిండితో తెల్లటి బొమ్మ. చుట్టూ రెండు మూడు గీతల చట్రం. లోపల సూర్యుడు, చంద్రుడు, చెట్లు, చెట్ల మీద కోతులు, నెమళ్ళు, కుండలు మోసుకెళ్ళే ఆడవాళ్ళు, చేతులు కలిపి ఆడే జనం, ఏనుగు మీద ఒక మనిషి. ఆ ఏనుగు మీది మనిషే తాత అని మామ్మ చెప్పేది. "తాత ఎప్పుడైనా ఏనుగెక్కాడా?" అని అడిగితే, "ఇక్కడ ఎక్కలేదు కాబట్టే అక్కడ ఎక్కాడు" అనేది. పొయ్యి పొగకు ఆ బొమ్మ నల్లబడింది. మేము మారాక కప్పు కారి, గోడ నాని కూలిపోయింది. ఆ సంగతి మామ్మకు చెప్పలేదు. తెలిసే ఉంటుంది.

మేము సవరలం. ఒడిశా వైపు మావాళ్ళను సౌరా అంటారు, మా మాటలో మేము సోరలం. గోడ మీది ఆ బొమ్మను మావాళ్ళు ఇత్తల్ అంటారు, ఇడితాల్ అనీ అంటారు. గోడ మీద రాత అనే అర్థానికి దగ్గరగా ఉంటుంది ఆ మాట. అది అలంకారం కోసం వేసేది కాదు. ఇంట్లో జబ్బు వచ్చినా, పంట తగ్గినా, ఎవరైనా పోయినా, ఏ సోనుం ఏమి కోరుతోందో కుడాన్‌బోయి పూనకంలో గానీ కలలో గానీ తెలుసుకుని చెప్పాలి. సోనుం అంటే పోయినవాళ్ళు, వాళ్ళతో ఉండే శక్తులు. ఆమె చెప్పినట్టు బొమ్మ రాసేవాడు రాస్తాడు. వెదురుపుల్ల కొసను నలిపి కుంచె చేసుకుంటాడు. అయ్యాక బొమ్మ ముందు కల్లు, అన్నం పెట్టి, "ఇది నీ ఇల్లు, వచ్చి ఉండు" అని పిలుస్తారు. అది పోయినవాళ్ళకు నచ్చకపోతే ఆ సంగతి కుడాన్‌బోయి నోట చెబుతారు. గుర్రం లేదనో, కాపలా మనిషి లేడనో. అప్పుడు మళ్ళీ కలుపుతారు.

1940ల్లో మా కొండల్లో తిరిగిన వెరియర్ ఎల్విన్ ఇవన్నీ రాసి పెట్టాడు. మా మతం గురించి ఆయన రాసిన పెద్ద పుస్తకం 1955లో వచ్చింది. అప్పటికే గోడల మీద సైకిళ్ళు, రైళ్ళు, విమానాలు ఎక్కాయని ఆయన రాశాడు. బయటివాళ్ళకు అది వింతగా ఉండొచ్చు, మాకు కాదు. కొత్త బండి వస్తే ఊళ్ళోవాళ్ళకు ఒక్కసారైనా ఎక్కాలని ఉంటుంది. పోయినవాళ్ళకు మాత్రం ఎందుకు ఉండదు?

ఇదంతా చిన్నప్పటి నుంచి చూసినా, దీని గురించి ఆలోచించడం మాత్రం ఒక పరాయి బొమ్మతోనే మొదలైంది. మాలో ఒకరు బీఈడీ చదివేటప్పుడు కాలేజీ లైబ్రరీలో యూరప్ చిత్రకళ పుస్తకం ఒకటి దొరికింది. అందులో ఒక పేజీని ఫోనులో ఫొటో తీసి మాకు పంపారు. నల్లటి నీళ్ళ మధ్య రాతి దీవి. రాతిలో తొలిచిన సమాధుల గదులు. మధ్యలో నిటారుగా, గుంపుగా, చీకటిలా సైప్రస్ చెట్లు. దీవి వైపు ఒక చిన్న పడవ పోతూ ఉంటుంది. పడవలో తెల్లబట్టలు కప్పుకుని నిలబడ్డ మనిషి, ముందు ఒక శవపేటిక. స్విట్జర్లాండుకు చెందిన ఆర్నాల్డ్ బోక్లిన్ వేసిన 'మృతుల దీవి' అది. మామ్మకు చూపించాం. చాలాసేపు చూసి, "బాగుంది గానీ, తిరిగి వచ్చే పడవ ఏది?" అంది.

తర్వాత ఆ బొమ్మ గురించి చదివాం. బోక్లిన్ దాన్ని 1880లో ఫ్లోరెన్సులో ఉండగా మొదలుపెట్టి, 1886 వరకు అయిదుసార్లు వేశాడు. ఒకటి రెండో ప్రపంచయుద్ధంలో నాశనమైంది. మిగిలిన నాలుగూ బాసెల్, న్యూయార్క్, బెర్లిన్, లైప్‌జిగ్ మ్యూజియాల్లో ఉన్నాయి. భర్త పోయిన మరీ బెర్నా అనే ఆమె ఆయన దగ్గరకు వచ్చి, చూస్తూ కలల్లోకి పోయేలాంటి బొమ్మ ఒకటి కావాలని అడిగింది. ఆ పడవలో పేటిక, తెల్లబట్టల మనిషి ఆమె కోసమే చేరాయి. బోక్లిన్ తన పసికూతురిని పాతిపెట్టిన శ్మశానం కూడా ఆయన పనిచేసే చోటుకు దగ్గరే. అంటే ఆ దీవి ఉత్త ఊహ కాదు. పోగొట్టుకున్న ఒక భార్య, పోగొట్టుకున్న ఒక తండ్రి ఉన్నారు దాని వెనక. అది తెలిశాక ఆ చీకటి చెట్లు మాకు పరాయిగా అనిపించలేదు.

ఆ పుస్తకంలోనే ఇంకో బొమ్మ ఉంది. జర్మనీ చిత్రకారుడు కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిక్ 1809, 1810ల్లో వేసినది. మంచు నేల. ఆకు ఒక్కటీ లేని ఓక్ చెట్లు. కూలిపోయిన చర్చి గోడ ఒక్కటి నిలబడి ఉంటుంది. దాని గుమ్మంలోకి కొందరు సన్యాసులు శవపేటిక మోసుకుపోతూ ఉంటారు. వాళ్ళు చీమలంత ఉంటారు. కింద సగం మసక, పైన ఆకాశంలో మాత్రం వెలుతురు, సన్నటి నెలవంక. ఫ్రీడ్రిక్ పదమూడేళ్ళప్పుడు ఆయన తమ్ముడు మంచునీళ్ళలో మునిగి పోయాడు. ఆయన ఎండిన చెట్టుతో చావును, పైనున్న వెలుతురుతో చావు తర్వాతి ఆశను చెప్పాడు. చెట్టు, మంచు, ఆకాశం, ఇవే ఆయన మాటలు.

ఈ రెండు బొమ్మలనూ ప్రకృతి చిత్రాలంటారు. మా తాత ఇంటి బొమ్మను మాత్రం ఏ పుస్తకమూ అలా అనలేదు. గిరిజన కళ అనో, జానపద కళ అనో, గోడచిత్రం అనో అన్నారు. కానీ అందులోనూ కొండ ఉంది, చెట్టు ఉంది, సూర్యుడు ఉన్నాడు, చావు ఉంది. మరి తేడా ఎక్కడ? మేము ఇంట్లో కూర్చుని దీని మీద చాలా రాత్రులు మాట్లాడుకున్నాం. మాకు తోచింది ఇది. వాళ్ళ బొమ్మలో పోయినవాళ్ళు దూరంగా వెళ్తూ ఉంటారు. చూసేవాళ్ళు ఒడ్డున నిలబడి వాళ్ళ వీపు చూస్తారు. పురాణాలు విన్నవాళ్ళకు వైతరణి గుర్తొస్తుంది, అక్కడా నీళ్ళు దాటి పోవడమే. మా బొమ్మలో పోయినవాళ్ళు ఎదురుగా ఉంటారు. ఇంటి గోడ మీదికే వస్తారు. వాళ్ళది వీడ్కోలు బొమ్మ. మాది చిరునామా.

చిరునామా అనడానికి కారణం ఉంది. మా పెద్దల లెక్కలో పోయినవాళ్ళు ఏదో ఒక చోట ఉంటారు, ఆ చోటు మేము రోజూ నడిచే కొండల్లోనే ఉంటుంది. ఎలా పోయారన్న దాన్ని బట్టి ఎవరి దగ్గర ఉంటారో ఉంటుంది. ప్రమాదంలో పోయినవారు సూర్యుడి దగ్గర, చిరుత వాతపడినవారు చిరుత దగ్గర. వాళ్ళను అక్కడి నుంచి మెల్లగా తెచ్చుకుని, రాయి పాతి, తమ వంశపు పూర్వీకుల్లో కలుపుకుంటారు. ఆ రాయి పాతే కార్యాన్ని గువార్ అంటారు. అలా కలిసినవాళ్ళు ఫలానా పొలం గట్టున, ఫలానా బండ దగ్గర ఉంటారు. ఆ నేలలో పండిన గింజలో వాళ్ళ సత్తువ ఉంటుందని నమ్మకం. వాళ్ళ పేర్లు కొత్తగా పుట్టిన పిల్లలకు వస్తాయి. చాలాకాలానికి, గుర్తుపెట్టుకునేవాళ్ళు కూడా లేకుండా పోయాక, వాళ్ళు సీతాకోకచిలుకలవుతారు. పియర్స్ విటెబ్‌స్కీ అనే పరిశోధకుడు 1970ల నుంచి ఒడిశా వైపు మావాళ్ళ మధ్య ఉండి, పోయినవాళ్ళతో బతికున్నవాళ్ళు మాట్లాడుకునే ఆ సంభాషణల మీద 1993లో ఒక పుస్తకమే రాశాడు.

మా బొమ్మలోని గుర్తులు ఈ లెక్కలో చూస్తే అర్థమవుతాయి. సూర్యుడు ఉన్నాడంటే వెలుతురు కోసమే కాకపోవచ్చు. అక్కడ ఎవరో ఉన్నారని కావచ్చు. బియ్యప్పిండి తెల్లరంగు కోసమే కాదు. వాళ్ళ నేలలో పండిన గింజతోనే వాళ్ళకు ఇల్లు కడుతున్నాం. చట్రం గీతలు గోడలు. ఇది మేము అర్థం చేసుకున్న తీరు. ఇంకో ఊళ్ళో ఇంకోలా చెప్పొచ్చు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ పద్ధతి అంతా తీపి కాదు. మా పెదనాన్న చిన్నప్పుడు వాళ్ళింట్లో వరసగా ముగ్గురు పోయారు. కార్యాలకు దున్నపోతులు కావాలి. అప్పు చేశారు. అప్పుకింద పల్లంలోని భూమి పోయింది. ఏ జ్వరమొచ్చినా సోనుం అడుగుతోందని మేకను కోసేవారు, మనిషికి మాత్రం మందు పడేది కాదు. పెదనాన్న తమ్ముడు అలాగే పోయాడట. తర్వాత ఆయన ప్రార్థనా మందిరానికి వెళ్ళడం మొదలుపెట్టాడు. "పోయినవాళ్ళకు పెట్టీ పెట్టీ ఉన్నవాళ్ళం పస్తులున్నాం" అంటాడు. ఆ మాట అబద్ధం కాదు. జ్వరమొస్తే ఆసుపత్రికే పోవాలి, ఇందులో మాకు రెండో మాట లేదు. మా కొండల్లో చాలా ఊళ్ళు ఇలాగే మారాయి. కొన్ని చర్చి వైపు, కొన్ని గుడి వైపు. మా ఊళ్ళో కుడాన్‌బోయి పోయి చాలా ఏళ్ళయింది. ఆమె దగ్గర ఎవరూ నేర్చుకోలేదు.

అందుకే మామ్మ పోయాక ఇంట్లో గొడవ అయింది. బొమ్మ రాయిద్దామని మేమన్నాం. పెదనాన్న వద్దన్నాడు. "ఆమెను దేవుడికి అప్పజెప్పాం. మళ్ళీ గోడకెక్కించి కష్టపెట్టకండి" అన్నాడు. పిన్ని మధ్యలో ఏడ్చింది. మామ్మ అరచేత్తో గోడ తడిమిన సంగతి మేము చెప్పాం. ఆయన ఏమీ అనకుండా లేచి బయటికి పోయాడు.

మా పక్క ఊళ్ళో బొమ్మలు రాసే తాత ఒకాయన ఉన్నాడు. ఇప్పుడు గుడ్డ మీద, కాగితం మీద రాస్తాడు. మేళాలకు తీసుకుపోయి అమ్ముతాడు. ఆ డబ్బుతోనే మనవరాలిని డిగ్రీ చదివిస్తున్నాడు. దాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆయనకే ఒక వెలితి ఉంది. "మేళాలో అందరూ వార్లీనా అని అడుగుతారు. కాదు, సవర అంటే, రెండూ ఒకటేగా అంటారు. వార్లీవాళ్ళు పెళ్ళికి గోడ మీద చౌకం రాస్తారు. మనం చచ్చినవాళ్ళకు రాస్తాం. ఒకటెలా అవుతాయి?" అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. "గుడ్డ మీద రాసేటప్పుడు చెట్టు ఎక్కడ పెట్టినా నడుస్తుంది. కొనేవాడికి తెలియదు. గోడ మీద అలా కాదు. ఆ ఇంటివాళ్ళు చూస్తారు, పోయినవాళ్ళు చూస్తారు."

మామ్మకు రాయమని అడిగితే ఆయన వెంటనే ఒప్పుకోలేదు. ముందు కూర్చోబెట్టి అడిగాడు. ఎలా పోయింది? ఏ దారిన ఎక్కువ తిరిగేది? ఏ చెట్టు కింద కూర్చునేది? ఏమి ఇష్టం? దేనికి భయపడేది? ఏది చూడాలనుకుని చూడలేదు? మాకు సగం ప్రశ్నలకు జవాబు తెలియలేదు. ఇరవై ఏళ్ళు ఆమె వండింది తిన్నాం, ఆమె పక్కన పడుకున్నాం. ఆమె దేనికి భయపడేదో తెలియదు. సిగ్గేసింది. తిరిగి వచ్చి అమ్మను, పిన్నిని, వాళ్ళ వయసు ఆడవాళ్ళను అడిగాం. వాగు దాటడమంటే మామ్మకు భయమని, చిన్నప్పుడు ఆమె చెల్లెలు ఆ వాగులోనే పోయిందని, అప్పుడు తెలిసింది. పలాస దాకా వెళ్ళి రైలు చూసింది గానీ ఎక్కలేదని తెలిసింది. పనసచెట్టు కింద కూర్చుని చీపుర్లు కట్టేదని మాకు గుర్తుంది.

డిస్టెంపరు మీద పిండి నిలవదని మామ్మ చెప్పింది నిజమే. తాత గోడలో నాలుగు మూరల మేర రంగు గీకించి, ఎర్రమట్టి, పేడ కలిపి రెండుసార్లు పూయించాడు. ఆరడానికి రెండు రోజులు పట్టింది. మూడోరోజు పొద్దున చట్రం మొదలుపెట్టాడు. బయటి గీతల నుంచి లోపలికి వచ్చాడు. సూర్యుడు, చంద్రుడు, కొండ, మెట్టదారి, చీపురు మోపులు మోసుకెళ్ళే ఆడవాళ్ళు. వాగు రాసి దాని మీద ఒక వంతెన రాశాడు. మా ఊరి వాగుకు వంతెన లేదు. కింద అంచున ఒక రైలు, కిటికీ దగ్గర ఒక మనిషి.

అయ్యాక కుంచె కడిగి, "నేను రాయగలను. పిలవలేను. పిలిచే మనిషి లేకపోతే ఇది బొమ్మే, ఇల్లు కాదు" అన్నాడు. మేమేమీ మాట్లాడలేదు. దీపం పెట్టి, మామ్మకు ఇష్టమైన చోడి అంబలి ఒక గిన్నెలో పెట్టి కూర్చున్నాం. ఎవరికి తోచింది వాళ్ళం చెప్పుకున్నాం. ఆమె తిట్టిన తిట్లు, దాచిపెట్టిన డబ్బులు, పాత ఇంటి గోడ కూలిన సంగతి చెప్పకపోవడం.

చీకటి పడ్డాక పెదనాన్న వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. లోపలికి రాడనుకున్నాం. చాలాసేపు బొమ్మకేసి చూసి, "పనసచెట్టు అక్కడ కాదు. వాగుకు ఇవతల. దారికి ఎడమపక్క. అమ్మ నన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది అక్కడే" అన్నాడు. బొమ్మ తాత ఏమీ అడగకుండా కుంచె మళ్ళీ తడిపాడు. వాగుకు ఇవతల, దారికి ఎడమపక్క ఇంకో పనసచెట్టు రాశాడు. పెదనాన్న తలూపి వెళ్ళిపోయాడు. ఆయన ఇప్పటికీ ఆదివారం ప్రార్థనకు వెళ్తాడు. మేము ఆ సంగతి ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. బొమ్మలో లోటు ఉంటే చెప్పాల్సింది పోయినవాళ్ళు. ఆ రోజు ఆమె కొడుకు చెప్పాడు. అది బొమ్మో ఇల్లో మేము తేల్చలేం.

ఇది చదివే పంతుళ్ళకు, పంతులమ్మలకు ఒక విన్నపం. బడిలో సవర బొమ్మ వేయించేటప్పుడు నమూనా కాగితం ఇచ్చి చూసి గీయమనకండి. ముందు పిల్లలను ఇంటికి పంపి, బొమ్మ తాత మమ్మల్ని అడిగిన ప్రశ్నలే అడిగించండి. ఎవరికోసం? వాళ్ళు ఏ దారిన నడిచేవారు? ఏ చెట్టు ఎటుపక్క? ఏది చూడాలనుకుని చూడలేదు? ఆ పిల్లల ఇల్లు చర్చికి వెళ్ళేదైనా, గుడికి వెళ్ళేదైనా, రాయి దగ్గరకు వెళ్ళేదైనా ఈ ప్రశ్నలు అడగొచ్చు. జవాబులు సవర మాటలోనే రాసుకోనివ్వండి. గిడుగు రామమూర్తి పంతులు గారు మా మాట నేర్చుకుని, మా మాటలకు 1938లో నిఘంటువు అచ్చువేయించారు. ఆ పని చేసిన నేలలో మా పిల్లలు తమ కొండల పేర్లు తమ మాటలో రాయడానికి సిగ్గుపడకూడదు. బోక్లిన్ దీవినీ, ఫ్రీడ్రిక్ చెట్లనూ కూడా చూపించండి. దుఃఖం ఉన్న చోటల్లా మనుషులు కొండనూ నీళ్ళనూ చెట్టునూ పట్టుకుని మాట్లాడారని పిల్లలకు తెలియాలి.

మా యువతకు ఒక మాట. బొమ్మలు అమ్ముకోండి, మంచి ధరకు అమ్ముకోండి. చీర మీద వేయండి, సంచీ మీద వేయండి. ఇంట్లో ఒక్కటి మాత్రం అమ్మకుండా, పేరుపెట్టి ఒకరికోసం రాయండి. అందులో చెట్టు సరైన చోట ఉండాలి. దానికోసం పెద్దవాళ్ళను అడగాలి, వాళ్ళు ఉండగానే అడగాలి. మేము ఆలస్యంగా అడిగాం.

మామ్మ గోడ ఇప్పటికే ఒక మూల పెచ్చు లేచింది. సిమెంటు మీద మట్టి ఎక్కువకాలం పట్టి ఉండదు. వచ్చే వానలకు ముందు మళ్ళీ పూసి, మళ్ళీ రాయించాలి. ఎర్రమట్టి పాత ఇంటి దగ్గర నుంచే తెస్తానని పెదనాన్న అన్నాడు.